తాడు మీద మనుషులున్నప్పుడు

శంషాబాద్
4 ఫిబ్రవరి 2024

అక్కా,

కవరు మీద చేతిరాత చూసి ఎవరిదో అనుకొని ఉంటావు. పదో తరగతి పరీక్షల తర్వాత ఇంత పొడుగ్గా తెలుగు రాయడం ఇదే మొదలు. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావేమో, చెప్పాల్సింది ఫోన్ గురించే.

జనవరి 23న నేను డ్యూటీకి వెళ్లే బస్సులో ఉండగా నువ్వు ఫోన్ చేశావు. కొడకండ్ల తండాలో మోతీలాల్ కాకా మన చేను గట్టు దున్నేశాడనీ, ధర్మా బావ వెళ్లి కాకా కాలర్ పట్టుకున్నాడనీ, సొంత బాబాయి మీదికి నీ మొగుడు చెయ్యెత్తాడని తండా అంతా ఆడిపోసుకుంటోందనీ ఏడ్చావు. నేను ఆ గట్టును నెత్తిన పెట్టుకొని విమానం ఎక్కాను.

మాకు ఒక నియమం ఉంది. విమానం నేల మీద కదిలినప్పటి నుంచి పదివేల అడుగులు ఎక్కేదాకా, మళ్లీ పదివేల అడుగుల నుంచి దిగి ఆగేదాకా, ముందు కూర్చున్న మేమిద్దరం విమానం గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు. ఎయిర్ హోస్టెస్ కూడా ప్రాణం మీదికి వస్తే తప్ప మమ్మల్ని పిలవకూడదు. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది ఆ కాసేపట్లోనే.

ఆ రోజు నాగ్‌పూర్‌లో దిగుతూ నేను గట్టు సంగతి ఎత్తాను. కెప్టెన్ కూడా రైతు బిడ్డే. "సర్వే చేయించారా?" అని అడిగాడు. నేను జవాబు చెబుతూ, ఎంత ఎత్తులో ఆగాలో ఆ అంకె తప్పు పెట్టాను. ఆయన సరిచూడాలి, చూడలేదు, సర్వే నంబర్ల గురించి చెబుతున్నాడు. నాలుగు వేల అడుగుల దగ్గర ఆగాల్సిన వాళ్లం ఇంకో ఆరువందలు కిందికి పోయాం. కింద నుంచి కంట్రోల్ వాళ్లు అరిస్తే తెలివి వచ్చింది. వెనక నూట ఎనభై మంది ఉన్నారు, అక్కా. వాళ్లలో ఎవరికీ తెలియదు.

ఇద్దరినీ విచారించారు. నన్ను నెల రోజులు మళ్లీ శిక్షణకు పంపారు. అందుకే చెబుతున్నాను, ఇకమీదట ఫోన్ వద్దు, వాట్సాప్ కూడా వద్దు. తెర మీద నీ పేరు చూస్తే చాలు, మనసు మహబూబాబాద్ వెళ్లిపోతుంది. ఉత్తరం రాయి, సెలవు రోజున తీరిగ్గా చదువుకుంటాను. నేను ఎగిరే తేదీలు ప్రతి నెలా కాగితం మీద రాసి పంపిస్తాను. శిక్షణ అయ్యాక ఎగిరే మార్చి తేదీలు ఇందులోనే పెట్టాను. ఆ తేదీల్లో నాకు ఏదీ చెప్పకండి. మిగతా రోజుల్లో కూడా మరీ అవసరమైతేనే ఫోన్ చేయండి.

కోపం తెచ్చుకోకు. బాపుకు చదివి వినిపించు.

నీ తమ్ముడు
జగన్


మహబూబాబాద్
12 ఫిబ్రవరి 2024

నాగ్‌పూర్‌ను గుద్దకుండా బతికి వచ్చిన తమ్ముడు జగన్‌కు,

నీ ఉత్తరం బడిలో ఇచ్చారు. నా తొమ్మిదో తరగతి పిల్లలు "టీచర్‌కు లవ్ లెటర్" అని నవ్వారు. లెక్కలు చెప్పే నా మొహం చూసి కూడా వాళ్లకు అలా అనిపించిందంటే మెచ్చుకోవాల్సిందే.

నిజం చెబుతున్నా, మొదట కోపమే వచ్చింది. గట్టు దున్నింది కాకా, కాలర్ పట్టింది నా మొగుడు, అంకె తప్పు పెట్టింది నువ్వు, తప్పు మాత్రం నా ఫోన్‌ది. కానీ బాపుకు చదివి వినిపిస్తుంటే ఆయన మొహం తెల్లబోయింది. రెండోసారి చదవమన్నాడు. "నూట ఎనభై మందా?" అని అడిగాడు.

బాపు భూపాలపల్లి గనిలో ముప్ఫై ఏళ్లు హాలేజీ ఇంజన్ నడిపాడు. మనుషులను కూర్చోబెట్టిన తొట్లను, కింద నుంచి మోగే గంటను బట్టి, తాడుతో గనిలోకి దింపీ లాగీ చేసే పని. ఆ గదిలో "ఆపరేటరుతో మాట్లాడరాదు" అని రాసిన బోర్డు ఉండేది, ఇంజన్ తిరిగేటప్పుడు తలుపుకు తగిలించేవాడు, నీకు గుర్తుండదు. అమ్మ నన్ను ఎత్తుకొని అన్నం గిన్నెతో వెళ్తే, ఇంజన్ ఆగేదాకా ఆయన తల తిప్పేవాడు కాదు. ఇంటికొచ్చాక ఆమె దెప్పిపొడిచేది. మొన్న అదే మాట మళ్లీ అన్నాడు:

"తాడు మీద మనుషులున్నప్పుడు ఆపరేటరుకు పెండ్లాం లేదు, పిల్లలు లేరు, ఆకలి లేదు. గంట ఒక్కటే సుట్టం. పోరడు చెప్పింది కరెక్టు. ఇగ ఎవ్వలు జేసిన్రో సూడుండ్రి ఫోను!"

నువ్వు పంపిన తేదీల కాగితాన్ని ఆయనే గోడకు అంటించాడు. నా దగ్గర ఎర్ర పెన్సిల్ తీసుకొని నువ్వు ఎగిరే తేదీల చుట్టూ గీతలు గీశాడు. మీ బావను పిలిచి, "ఎర్ర గీత ఉన్న దినం ఇంట్ల పీనుగ లేసినా ఫోను జెయ్యొద్దు. సమజయిందా?" అన్నాడు. మీ బావ తలూపాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

నీ మేనకోడలు సుష్మిత నీ విమానం బొమ్మ గీసి ఇందులో పెట్టింది. రెక్క ఒకటే ఉంది, రెండోది కాగితంలో పట్టలేదట.

మీ అక్క
సంగీత


శంషాబాద్
29 మే 2024

అక్కా,

మళ్లీ పూర్తిగా ఎగురుతున్నాను. నాలుగు నెలల్లో ఒక్క మాట పడలేదు. మీ పుణ్యమే. మా వాళ్లందరికీ ఇళ్ల నుంచి ఫోన్లు, ఏడుపులు. నేనొక్కణ్నే ప్రశాంతంగా డ్యూటీకి వస్తాను. "మీ ఇంట్లో ఎలా ఒప్పించావు?" అని అడుగుతారు. మా నాన్న ఇంజన్ ఆపరేటర్ అని గర్వంగా చెప్తాను.

ఇంకో చిన్న మాట. ఎగిరే రోజే కాదు, ముందు రోజు కూడా నిద్ర చెడకూడదు. అందుకని జూన్ కాగితంలో ఆ తేదీలు కూడా రాశాను. బాపును వాటికీ గీతలు గీయమను. తండా నుంచి ఎవరెవరో నా నంబర్ తీసుకొని మా అబ్బాయికి ఉద్యోగం చూడు, ఎయిర్‌పోర్టులో సామాను మోసే పనైనా సరే అంటున్నారు. కాకా కొడుకు కూడా చేశాడు, గట్టు దున్నినవాళ్లకు సిగ్గుండాలి. వాళ్లకు కూడా ఈ నియమం చెప్పు.

గురువారం గదిలో కోడికూర వండాను. సాయంత్రమంతా మాడిన గిన్నె తోముతూ కూర్చున్నాను. నీ చేతి కూర గుర్తొచ్చింది.

జగన్


మహబూబాబాద్
31 ఆగస్టు 2024

కెప్టెన్ కాకముందే కెప్టెన్ కొలువు చేస్తున్న తమ్ముడికి,

ఆగస్టు కాగితం గోడ మీద చూస్తే గోడకే పొంగు పోసినట్టుంది. ఎర్రగీత లేని రోజులు నాలుగంటే నాలుగు. పెన్సిల్ అరిగిపోయింది, బాపుకు కొత్తది కొన్నాను.

అన్నట్టు, కోడికూర మాడిన గురువారం గోడ మీద ఎర్రగా ఉంది. నేను అడిగాను. బాపు "ఫ్లైటు క్యాన్సిల్ అయ్యుంటది, నీకేం ఎర్క" అని నన్నే కసిరాడు. నీ మీద ఈగ వాలనీయడు.

25న తండాలో తీజ్ ఆఖరి రోజు. సుష్మితకు ఇది మొదటి తీజ్. తొమ్మిది రోజులు బుట్టలో గోధుమ నారుకు నీళ్లు పోసింది, అందరి బుట్టల కంటే దీని నారే ఎత్తుగా వచ్చింది. మామ వస్తాడని అందరికీ చెప్పుకుంది. నీది ఎర్ర రోజు. "ఫోనన్న చేసి చూపిద్దాం అమ్మా" అని ఏడిస్తే వద్దన్నాను. పదకొండేళ్ల పిల్లకు పదివేల అడుగుల నియమం చెప్పి ఊరుకోబెట్టాను. చెప్పేటప్పుడు నామీద నాకే అసహ్యం వేసింది.

కాకా వచ్చి బాపు పక్కన నిలబడ్డాడు. ఇద్దరూ గట్టు మాట ఎత్తలేదు. డప్పు మోగేసరికి బాపు కూడా నాలుగు అడుగులు వేశాడు. వేసి కూర్చుండిపోయాడు. దమ్ము అందలేదు. అరగంట దాకా మనిషి మనిషిలో లేడు. జనగామ దవాఖానకు పోదామంటే వద్దన్నాడు. "పోరనికి రాయకు, పరేషాన్ అయితడు" అన్నాడు. రాస్తున్నాను. ఇది ఉత్తరం, ఫోన్ కాదు. నువ్వు ఎర్రగీత లేని రోజునే చదువుతావు కదా.

దసరాకన్నా రా.

సంగీత


శంషాబాద్
14 సెప్టెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరాలు ఉత్తరాల్లా లేవు, లెక్కల పేపర్లలా ఉన్నాయి. ఏ రోజు ఎర్రగా ఉంది, ఏ రోజు కూర మాడింది అని సరిచూస్తున్నావు. ఆ ఫ్లైట్ రద్దయింది. బాపుకు అర్థమైంది, నీకు కాలేదు.

కెప్టెన్ పరీక్షలు దగ్గర పడ్డాయి. ఈ ఆరు నెలలు నా జీవితం తేల్చే కాలం. తీజ్‌కు రాలేదని సుష్మిత ఏడ్చింది అని రాస్తే నేనేం చేయాలి? విమానం ఆకాశంలో వదిలి దూకాలా? బాపు దమ్ము కొత్తదా? గనిలో చేసిన వాళ్లందరికీ ఉన్నదే. నిజంగా ప్రమాదమైతే చెప్పండి, లేకపోతే ఇలా సూదితో పొడవకు.

దసరాకు రాలేను. అక్టోబర్ 7 నుంచి 11 వరకు వరసగా డ్యూటీ. దిగే వేళలతో సహా కాగితం పెడుతున్నాను. 12న పండుగ రోజు కుదిరితే ఫోన్ చేస్తాను.

జగన్


మహబూబాబాద్
28 సెప్టెంబర్ 2024

జగన్‌కు,

బాపు చెబుతుంటే రాస్తున్నాను. ఆయన మాటలే: "నేను మంచిగున్న. గోలీలు ఏసుకుంటున్న. అక్క మాటలు పట్టించుకోకు. పరీక్షల మీద దిమాక్ పెట్టు. ఏడు తారీకు నుంచి పదకొండు దాక గీతలు గీసిన."

నావి ఏమీ లేవు.

సంగీత


శంషాబాద్
27 అక్టోబర్ 2024

సంగీతకు,

దినం రోజున నలుగురిలో అడగలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

బాపు తొమ్మిదో తేదీ సాయంత్రం పోయాడు. నాకు పన్నెండున పొద్దున ఫోన్ చేశావు. పండుగ శుభాకాంక్షలు చెబుతావని నవ్వుతూ ఎత్తాను. నేను తండాకు వచ్చేసరికి బూడిద తప్ప ఏమీ లేదు. గట్టు దున్నిన కాకా మన బాపుకు నిప్పు పెట్టాడు. కన్నకొడుకు ఉండగా!

నియమం అంటావు. నియమం మెదడు లేనివాళ్ల కోసం పెట్టలేదు. ప్రాణం మీదికి వస్తే పిలవొచ్చని మొదటి ఉత్తరంలోనే రాశాను, తీసి చదువుకో. మా కంపెనీ ఆఫీసుకు ఒక్క ఫోన్ చేస్తే నేను దిగగానే చెప్పి పంపేవాళ్లు. ఒక్క రోజు శవాన్ని ఆపలేకపోయారా? నా మీద కోపం బాపు మీద తీర్చుకున్నావు. తీజ్‌కు రాలేదని, దసరాకు రాలేదని ఇంత కసి పెట్టుకున్నావా?

ఆయన నా గురించి అడిగాడా లేదా, అది కూడా నువ్వు నాకు చెప్పలేదు.

నల్ల ఫైలు ఒకటి అక్కడ మర్చిపోయాను. తొందరేం లేదు, పాత కాగితాలే.

జగన్


మహబూబాబాద్
5 నవంబర్ 2024

జగన్‌కు,

అడిగావు కాబట్టి చెబుతాను. ఓపిగ్గా చదువు.

ఏడున రాత్రి బాపుకు దమ్ము ఎక్కువైతే ఇక్కడి పెద్ద దవాఖానలో చేర్చాం. ఎనిమిదిన కొంచెం మాట్లాడాడు. మీ బావ ఫోన్ తీసి నీ నంబర్ నొక్కితే ఆయనే చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు. తాడు మీద మనుషులున్నరు. వాడు దిగినంక చెప్పుండ్రి" అన్నాడు. సరేనన్నాం.

తొమ్మిదిన పొద్దున మూతికి మాస్క్ పెట్టారు, ఇక మాట లేదు. మధ్యాహ్నం నుంచి వేలికున్న వెండి ఉంగరంతో మంచం ఇనుప పట్టీ మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒక్కసారి కొట్టడం, నా మొహం చూడడం. కాసేపు ఆగి మళ్లీ ఒక్కసారి. నొప్పి అనుకొని కాళ్లు పిసికాను. మాస్క్ తీయమంటున్నాడేమో అని నర్సును పిలిచాను. ఆమె "చప్పుడు చెయ్యకు తాతా, పక్కవాళ్లు పండుకున్నరు" అని ఆయన చేతిని దుప్పటిలో పెట్టింది. దుప్పటిలోంచి తీసి మళ్లీ కొట్టాడు.

మీ బావ "నేను జగన్‌కు చేస్తా, ఏమన్న గానీ" అని ఫోన్ తీసుకొని బయటికి వెళ్లాడు. నేను వెంటపడి లాక్కున్నాను. దవాఖాన మెట్ల మీద అందరూ చూస్తుండగా మొగుడి చేతిలోంచి ఫోన్ గుంజుకున్నాను. సాయంత్రం ఆరు నలభైకి నువ్వు దిగుతావని కాగితంలో రాశావు. లోపలికి వచ్చి బాపు చెవిలో "వాడు ఇప్పుడు దిగుతున్నడు బాపూ, ఇంకొంచెం సేపు" అన్నాను. మళ్లీ ఒకసారి కొట్టాడు. ఏడింటికి పోయాడు. పదో తేదీ ఎర్ర రోజు, పదకొండు ఎర్ర రోజు, ఆ కబురు నెత్తిన పెట్టుకొని నువ్వు ఎగరకూడదని పన్నెండు దాకా ఫోన్ చేయలేదు. శవాన్ని అంతసేపు ఉంచొద్దని పెద్దలు అన్నారు.

నిప్పు పెట్టిన కాకా గురించి కోపంగా రాశావు. ఆయన గనిలో బాపు కింద పనిచేశాడు. అడుగున నిలబడి, తీగ లాగి, పైన ఇంజన్ గదిలో గంట మోగించే పని. దినం అయ్యాక నేను ఆ ఉంగరం సంగతి చెబితే ఆయన కూలబడి ఏడ్చాడు. "ఒక్క గంట అంటే ఆపు అని బిడ్డా. ఎవ్వలు కొట్టిన్రు, ఎందుకు కొట్టిన్రు అని అడగొద్దు. ముందుగాల ఆపాలె. నిన్ను ఆపమన్నడు. ఇగ చాలు, వానికి ఫోను జెయ్యమన్నడు" అన్నాడు.

ఇంజన్ గది పక్కన పెరిగిన బిడ్డనే, నాకు గంటల లెక్క తెలియదు. తెలిసి ఉంటే చేసేదాన్నేమో. చేయకపోయేదాన్నేమో కూడా, ఎందుకంటే ఆరు నలభై అని రాసి ఉంది.

ఇప్పుడు నేను నిన్ను ఒక్కటే అడుగుతాను, జగన్. తొమ్మిదో తేదీ సాయంత్రం ఆరు నలభైకి నువ్వు ఎక్కడ ఉన్నావు? ఉన్నదున్నట్టు రాయి. ఏది రాసినా తట్టుకుంటాను. ఆ రోజు మెట్ల మీద నేను చేసింది తప్పో ఒప్పో నీ జవాబును బట్టే తేల్చుకుంటాను.

మీ అక్క
సంగీత


శంషాబాద్
14 నవంబర్ 2024

నా ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదు. నేను రాసిన మాటలకు నన్ను క్షమించు. నీ మీద అరిచాను కానీ, నువ్వు పడ్డ బాధలో పదో వంతు కూడా నేను పడలేదు.

నువ్వు అడిగినదానికి జవాబు ఇదిగో. తొమ్మిదో తేదీ సాయంత్రం ఆరు నలభైకి మేము బెంగళూరులో దిగుతున్నాం. పదివేల అడుగుల కిందికి వచ్చాం. మబ్బు పట్టి ఉంది, అడుగున దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి. నేనూ కెప్టెనూ ఒక్క అనవసరమైన మాట మాట్లాడలేదు. వెనక నిండుగా జనం. ఆ సమయంలో బాపు సంగతి తెలిసి ఉంటే నాగ్‌పూర్‌లో చేసిన తప్పే మళ్లీ చేసేవాణ్ని. నువ్వు నన్నే కాదు, వాళ్లందరినీ కాపాడావు. బాపు చెప్పింది నువ్వు చేశావు. నువ్వు చేసింది నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఈ ఒక్క మాట మనసులో పెట్టుకొని నిశ్చింతగా ఉండు.

సంక్రాంతి తర్వాత కెప్టెన్ పరీక్ష. పాసైతే మొదటి రోజు బాపు ఉంగరం పెట్టుకొని ఎగరాలని ఉంది. దాచి ఉంచు. సుష్మితను అడిగానని చెప్పు. ఈసారి తీజ్‌కు తప్పకుండా వస్తాను.

ఎప్పటికీ నీ తమ్ముడు
జగన్


మహబూబాబాద్
21 నవంబర్ 2024

జగన్,

నీ నల్ల ఫైలు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. దినం అయిన నాలుగో రోజున, వెనకవైపు తెల్లగా ఉందని సుష్మిత అందులోంచి కాగితాలు తీసి లెక్కలు చేసుకుంటోంది. భిన్నాలు తప్పు చేసింది, దిద్దుదామని తీసుకొని తిప్పి చూశాను. మీ కంపెనీ ఇచ్చిన అసలు డ్యూటీ తేదీలు. జూన్ నుంచి అక్టోబర్ దాకా.

లెక్కల టీచర్‌ను కదా, గోడ మీది కాగితాల పక్కన పెట్టి సరిచూశాను. జూన్‌లో నువ్వు ఎగిరింది పద్నాలుగు రోజులు, ముందు రోజులవి కాక ఎగిరే రోజులని రాసినవి ఇరవై ఒకటి. ఆగస్టు 25న, తీజ్ రోజున, నీకు సెలవు. అక్టోబర్ 7 నుంచి 11 వరకు సెలవు. నువ్వు అడిగి తీసుకున్న సెలవు. ఆ దరఖాస్తు నకలు కూడా అందులోనే ఉంది. కారణం అని ఉన్నచోట నీ చేతిరాతతో రాసి ఉంది: తండ్రికి ఆరోగ్యం బాగాలేదు, పక్కన ఉండాలి.

సికింద్రాబాద్‌లో రైలు ఎక్కితే మూడున్నర గంటలు.

నువ్వు ఆ రోజుల్లో ఏం చేశావో నాకు తెలియదు, అడగను. నిద్రపోయి ఉంటావు, పుస్తకం చదివి ఉంటావు. మా ఫోన్లు లేని ఐదు రోజులు కావాలనుకున్నావు. అది పెద్ద పాపం కాదు, నాకూ ఒక్కోసారి కావాలనిపిస్తుంది. కానీ ఆ బోర్డును బాపు తాడు మీద మనుషులున్నప్పుడే తగిలించేవాడు. నువ్వు ఇంజన్ ఆపేసి, తలుపు వేసుకొని, బోర్డు మాత్రం బయట ఉంచావు. ఆయన ఆ బోర్డును చూసి తన కొడుకు తనలాంటివాడే అనుకుంటూ చచ్చిపోయాడు.

ఈ కాగితాలన్నీ చూశాకే నీకు నవంబర్ 5న ఉత్తరం రాశాను. ఎక్కడున్నావని తెలియక అడగలేదు. నువ్వు "గదిలో ఉన్నాను అక్కా" అని ఒక్క ముక్క రాస్తే, తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, ఆ తర్వాత నా తమ్ముడివి నాకు మిగిలేవాడివి. నువ్వు బెంగళూరులో మబ్బులు చూపించావు. నన్ను ఓదార్చడానికే రాశావేమో కూడా. కాకా చెప్పినట్టు నేను ఒక్క గంట కొట్టాను, జగన్. నువ్వు ఆపలేదు.

ఉంగరం కాకాకు ఇచ్చాను. ఆయన గట్టు మళ్లీ వేయించాడు, మనం అడగకుండానే.

గోడ మీది కాగితాలు తీసేశాను. జిగురుకు సున్నం కూడా ఊడి వచ్చింది. ఇక కొత్తవి పంపకు. మా ఇంట్లో నీకు ఇకమీదట అన్నీ ఎర్ర రోజులే.

సంగీత